నాడి దొరకని చెయ్యి

నర్సింగ్ స్కూల్లో నాడి చూడటం నేర్పే రోజున నేను ఒకే మాట పదిసార్లు చెబుతాను. బొటనవేలితో చూడొద్దు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, ఈ మూడింటినీ రోగి మణికట్టు మీద ఆనించాలి. గట్టిగా నొక్కొద్దు, నొక్కితే నాడి దాక్కుంటుంది. గోడ గడియారం చూస్తూ నిమిషం నిండేదాకా లెక్కపెట్టాలి. బొటనవేలు ఎందుకు వద్దంటే దానికి సొంత నాడి ఉంది. దానితో పట్టుకుంటే నీ గుండె కొట్టుకోవడమే నీకు తగులుతుంది. అది రోగిదనుకుని రాసేస్తావు. చచ్చినవాడి చెయ్యి పట్టుకుని కూడా డెబ్బై రెండు అని రాయగలవు.

పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. ప్రభుత్వ దవాఖానలో పనిచేసిన రోజుల్లో అలా రాసినవాళ్లను చూశాను.

ఇంత చెప్పే నేనే ఒక పిల్ల విషయంలో బొటనవేలితో చూశాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందులో సగం నా మీదే.

దవాఖాన కొలువు అయిపోయాక మెదక్‌లోనే ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో చేరాను. కింద మందుల దుకాణం, పైన రెండంతస్తులు మావి. తరగతి కిటికీలోంచి ఖిల్లా గుట్ట కనబడుతుంది. స్కూలు యజమానిని అందరూ సారు అంటారు. భూములున్న ఇల్లు. ఇప్పుడు రైసుమిల్లు, స్కూలు, రాజకీయం మూడూ చూసుకుంటాడు. చెడ్డవాడని అనలేను. కొత్త వస్తువు ఏది కనబడినా జిల్లాలో ముందు తన దగ్గరే ఉండాలనుకునే మనిషి.

బ్యాండ్లు అలాగే వచ్చాయి. నల్ల రబ్బరు పట్టీ, దాని మీద వేలి గోరంత తెర. ప్రతి విద్యార్థినీ స్కూలు గేటు దాటినప్పటి నుంచి మళ్లీ గేటు దాటేదాకా చేతికి కట్టుకోవాలి. అది గుండె లెక్కపెడుతుంది, అడుగులు లెక్కపెడుతుంది, ఆ రెంటినీ కలిపి పాఠం మీద మనసెంత ఉందో చెబుతుంది. దానికి ఏకాగ్రత మార్కు అని పేరు. సాయంత్రం ఇంటికి పోయాక ఫోనులో ఎవరికి వారు ఇంకొన్ని నింపాలి. ఎంతసేపు నిద్రపోయారు, ఎన్ని నీళ్లు తాగారు, ఇవాళ మనసెలా ఉంది. మనసుకు ఐదు బొమ్మ ముఖాలు ఉంటాయి, ఒకటి నొక్కాలి. మిమ్మల్ని మీరు గమనించుకుంటే మీరే బాగుపడతారని దాని సిద్ధాంతం.

బ్యాండ్లు కొనాలా వద్దా అని మాట్లాడిన రోజు టీచర్లలో ఒక్కడే అడ్డం చెప్పాడు. శరీర నిర్మాణం పాఠం చెప్పే ఆయన, చేగుంట నుంచి రోజూ వచ్చిపోయేవాడు.

"సారు, గిది బర్రె మెడల గంట కట్టినట్టుంటది. యాడ మేస్తున్నదో మనకు ఎరుకైతది గని పాలెక్కువియ్యది."

అందరూ నవ్వారు. నేను లేచి పావుగంట మాట్లాడాను. నాకు మాట్లాడటం చిన్నప్పుడే నేర్పారు. మా ఊళ్లో ఆదివారం ఆదివారం గ్రంథాలయం వెనక గదిలో చర్చలు జరిగేవి. పాత బడిపంతులు ఒకాయన నడిపేవాడు. దయ్యం ఉందా, గ్రహణం పూట గర్భిణి బయటికి రావచ్చా, వితంతువుకు బొట్టు ఎవరు తీశారు. ఎవరేం చెప్పినా ఆయన మూడే ప్రశ్నలు అడిగేవాడు. నువ్వు చూసినవా. లెక్కపెట్టినవా. ఇంకొకరికి చూపెట్టినవా. ఆ మూడు ప్రశ్నలతోనే నేను తర్వాత ఊళ్లు తిరిగాను. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించాను. పసిపిల్లల మొలల నుంచి తాయెత్తులు తీయించి, తల్లుల కళ్ల ముందే విప్పి, లోపల ముడుచుకున్న రాగిరేకు తప్ప ఏమీ లేదని చూపించాను. తిట్లు తిన్నాను, ఒకచోట పేడనీళ్లు కూడా పోశారు.

కాబట్టి ఆ రోజు చేగుంట ఆయనతో ఏమన్నానంటే, ఇది నమ్మకం కాదు, లెక్క. పిల్ల చదివిందా లేదా అని మన మనసుకు తోచినట్టు చెప్పే రోజులు పోవాలి, మొహం చూసి మార్కులు వేసే రోజులు పోవాలి. యంత్రానికి కులం తెలియదు, ఎవరి బిడ్డో తెలియదు. అది ఉన్నదే చెబుతుంది. సారు బల్ల మీద చెయ్యి చరిచి, "గదీ మాటంటే" అన్నాడు. చేతికి కట్టుకునే వస్తువుల్లో నేను జీవితం మొత్తం మీద సమర్థించింది అదొక్కటే.

పిల్లలు నెల తిరక్కుండానే దాని సంగతి కనిపెట్టారు. బెంచీ కింద చెయ్యి ఊపితే అడుగులు పడతాయని ఒకతె కనిపెట్టింది. కళ్లు తెరుచుకుని కునుకు తీస్తే గుండె నెమ్మదిస్తుంది, ఏకాగ్రత మార్కు పెరుగుతుందని ఇంకొకతె కనిపెట్టింది. మనసెలా ఉందంటే అందరూ పక్కా నవ్వు ముఖమే నొక్కేవారు. ఇంటి దగ్గర కట్టుకున్నా అడుగులు లెక్కలోకి వస్తాయని తెలిసి, ఒక పిల్ల ఆదివారం బ్యాండును మేకపిల్ల కాలికి కట్టింది. సోమవారం తరగతిలో ఆమె అడుగులే అందరికంటే ఎక్కువ. పక్కనున్నది ఊరుకోలేదు.

"మేడం, దీని మేకకు కూడ సర్టిఫికెటియ్యుండ్రి. మస్తు కష్టపడుతున్నది."

నేను కూడా నవ్వాను. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. పిల్లల తుంటరితనం అనుకున్నాను గానీ, కాలెవరిదో తెలియని యంత్రం చెయ్యెవరిదో ఎలా చెబుతుందని ఆలోచించలేదు.

ఆ బ్యాచిలో ఒకామె ఉండేది. పాపన్నపేట దాటాక మంజీర పక్కన ఒక పల్లె. పెళ్లయింది, నాలుగేళ్ల కూతురు. నాట్లకూ కలుపులకూ కూలికి పోతూ, ఆగిపోయిన చదువును మళ్లీ పట్టుకుని వచ్చింది. షేర్ ఆటోలో వచ్చేది. ఆటో నిండితే డ్రైవరు పక్కన సగం కూర్చుని వచ్చేది. తరగతిలో నాడి పట్టడంలో ఆమెను మించిన వాళ్లు లేరు. వేళ్లు ఆనించిన మరుక్షణం దొరకబుచ్చుకునేది. వరి నారు పీకిన వేళ్లు, ఎంత నొక్కాలో వాటికి తెలుసు.

ఆమెకు రెండు చేతుల మీదా మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లు ఉండేవి. చుక్కలు, ముగ్గులు, ఒక తేలు, మధ్యమధ్య ఖాళీ లేకుండా నింపిన గళ్లు. ఈ రోజుల్లో అంత దట్టంగా ఎవరూ పొడిపించుకోరు. మొదటి వారమే నేను వాటి గురించి అడిగాను.

"చిన్నప్పుడు ఏడుపాయల జాతరల మా అమ్మమ్మ పొడిపిచ్చింది మేడం. సచ్చినంక మనెంట వచ్చేది గిదొక్కటే అంటుండె."

"ఒక్క సూదితోని ఎందరికి పొడిచిందో పొడిచినామె. సచ్చినంక ఎంట వచ్చుడు తర్వాత, బతికుండంగనే జబ్బులు ఎంటవడ్తయి."

ఆమె కొంగు చేతుల మీదికి లాక్కుంది. తర్వాత చాలా రోజులు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వచ్చింది. ఆ విషయం నేను అప్పుడు పట్టించుకోలేదు.

కంప్యూటరు తెర మీద ప్రతి పిల్ల పేరు పక్కనా ఒక గీత ఉంటుంది. ఆకుపచ్చ గీత అంటే బ్యాండు చేతికి ఉంది. బూడిద రంగు అంటే లేదు. ఆమె పేరు పక్కన మొదటి రోజు నుంచీ బూడిద రంగే. అప్పుడప్పుడు రెండు మూడు నిమిషాలు ఆకుపచ్చ మెరిసి మళ్లీ ఆరిపోయేది. నెలలు గడిచాయి. సారు పెట్టిన నియమం ప్రకారం బ్యాండు హాజరు చాలని వాళ్ల పేరు ఆఖరి పరీక్ష జాబితాలో ఉండదు. ఆ పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది. ఆమెకు మళ్లీ ఏడాది లేదు. కూతుర్ని చూసుకోవడానికి అత్త ఒప్పుకున్నది ఈ పరీక్ష దాకానే. తర్వాత కొలువు దొరికితే సరి, లేకపోతే మళ్లీ నాట్లే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పిలిచాను.

"బ్యాండు ఎందుకు తీసేస్తున్నవ్?"

"తీస్తలేను మేడం. గేటు కాడ కట్టుకుంటున్న, మళ్ల గేటు కాడనే ఇప్పుతున్న."

"తెర మీద కనవడ్తలేదు గదా."

"నాకేమెరుక మేడం. నా బిడ్డ మీద ఒట్టు, తీయలే."

"ఒట్లు నా దగ్గర చెల్లవు. ఒట్టు సాక్ష్యం కాదు."

"మరేం జెప్తే నమ్ముతరు మేడం?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. గ్రంథాలయం వెనక గదిలో ఆ పాత పంతులు ఉంటే ఆమెకు చప్పట్లు కొట్టేవాడు. నేను మాత్రం పొగరనుకున్నాను. హెచ్చరిక కాగితం రాశాను. "బ్యాండును ఉద్దేశపూర్వకంగా తొలగిస్తున్నందున" అని రాసి కింద సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాను. నువ్వు చూసినవా? చూడలేదు. లెక్కపెట్టినవా? లేదు. తెర చూశాను, అంతే. తెర మీద కనబడింది నా అనుమానమే. బొటనవేలి నాడి అంటే ఇదే.

పరీక్ష జాబితా వేయడానికి మూడు వారాలు ఉందనగా ఒక పగటి పూట ప్రాక్టికల్ గదిలో పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి నాడి చూపిస్తున్నాను. ఆమె జంట ఆ రోజు రాలేదు. లేచి వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. పొడుగు చేతి జాకెట్టు మోచేతి దాకా మడిచింది. బ్యాండు చేతికే ఉంది. బల్ల మీద చెయ్యి చాపింది.

"మేడం, జర మీరే చూడుండ్రి. మూడు వేళ్లతోని."

తరగతి మొత్తం మా వైపు తిరిగింది. నేను బ్యాండుకు కిందుగా వేళ్లు ఆనించాను. నాడి వెంటనే దొరికింది. నిండుగా, తాపీగా కొట్టుకుంటోంది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. డెబ్బై ఆరు. అదే నిమిషంలో ఆమె చేతి మీది తెర చూశాను. రెండు అడ్డగీతలు. అంటే గుండె లేదు, చెయ్యి లేదు, మనిషే లేదు.

"ఎంత మేడం?" అని అడిగింది.

"డెబ్బై ఆరు."

"మరి గీ బ్యాండు లేదంటున్నది."

అప్పుడు గానీ నా బుర్ర పనిచేయలేదు. బ్యాండు విప్పి వెనక్కి తిప్పాను. లోపల ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకు మంటోంది. ఆ వెలుతురు చర్మం లోపలికి పోయి, రక్తం పొంగినప్పుడు కొంచెం, తగ్గినప్పుడు కొంచెం తేడాగా వెనక్కి వస్తుంది. యంత్రం లెక్కపెట్టేది ఆ తేడానే. పచ్చబొట్టు అంటే చర్మం కింద దిగిపోయిన దీపపు మసి. వెలుతురును అది మింగేస్తుంది. వెనక్కి ఏమీ రాకపోతే ఎదురుగా చెయ్యే లేదని యంత్రం అనుకుంటుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. వెనక్కి తిప్పి చూస్తే చాలు. అన్ని నెలల్లో నేను ఒక్కసారీ తిప్పి చూడలేదు.

పిల్లలు మూగారు. బ్యాండును నా చేతికి కట్టుకున్నాను, అంకె వచ్చింది. ఆమె రెండో చేతికి కట్టాను, గీతలు. బొట్లు లేని చోటు కోసం కాలి మడమ పైన కట్టాను, డెబ్బై ఎనిమిది వచ్చింది. అప్పుడు మేకపిల్ల యజమానురాలికి ఒక ఆలోచన వచ్చింది. బల్ల మీదున్న తెల్లటి కట్టుగుడ్డ చుట్టను తీసి దానికి బ్యాండు బిగించింది. అందరం బల్ల మీదికి వంగి చూశాం. గీతలు పోయాయి. అరవై తొమ్మిది.

"మేడం, కట్టుగుడ్డకు పానమొచ్చింది."

"ఏకాగ్రత కూడ మస్తున్నది సూడుండ్రి. మనందరికంటే ఎక్కువనే."

"దాన్ని పరీక్షకు పంపుదాం మేడం, హాజరున్నది గదా."

గది దద్దరిల్లేలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని. నాకు మాత్రం నవ్వు రాలేదు. గుండె లేని గుడ్డకు నాడి ఉంది. గుండె ఉన్న మనిషికి లేదు. ఆ లెక్క మీద నేను ఒక కాగితం రాసి సంతకం పెట్టాను.

మర్నాడే సారు గదికి పోయాను. బ్యాండ్లమ్మిన కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చే ఆయన కూడా ఉన్నాడు. మెళ్లో కార్డు, ముందర ల్యాప్‌టాప్. కట్టుగుడ్డ చుట్ట వెంట తీసుకుపోయాను. ఆమెనూ తీసుకుపోయాను. మూడూ చేసి చూపించాను. ఆమె చెయ్యి, నా చెయ్యి, గుడ్డ. ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

కంపెనీ ఆయన గుడ్డ మీది అంకెను చూసి కొంచెం ఎర్రబడ్డాడు. "అది ఎర్రర్ మేడం, కొత్త అప్‌డేట్‌లో పోతది. ఈమెను రేపటి నుంచి కాలికి కట్టుకోమనండి."

"పోయిన నెలల సంగతి?"

"పాత డేటా ఎవ్వరం టచ్ చేయలేం మేడం. సిస్టంలో ఆ ఆప్షనే లేదు."

"ఆమె రోజూ వచ్చింది. నేను పాఠం చెప్పిన. నా రిజిస్టర్ల హాజరున్నది. నేను చూసిన."

"మీరు చూసిందానికి ప్రూఫ్ ఏముంది మేడం?"

నా జీవితమంతా నేను ఎదుటివాళ్లను అడిగిన ప్రశ్నను మెళ్లో కార్డు వేసుకున్న మనిషి నన్ను అడిగాడు. తాయెత్తు కట్టుకున్న తల్లి ఏనాడూ నన్నంత మాట అనలేదు.

సారు వైపు తిరిగాను. సారు గుడ్డ చుట్టను చేతిలో తిప్పి చూస్తున్నాడు.

"మేడం, మీరు జెప్పింది నాకు సమజయింది. గని ఒక్కామెకు మార్చిన్నంటే రేపు అందరు వచ్చి కూసుంటరు. నా బ్యాండు గిట్లనే చేసిందంటరు. రూల్ రూలే. గీ బ్యాండ్లు గావాలని గట్టిగ మాట్లాడింది గూడ మీరే గదా."

గుడ్డ చుట్టను ఆయన చేతిలోంచి తీసుకుని లేచాను. మెట్లు దిగుతుంటే ఆమె నా వెనక వస్తోంది. కింది మెట్టు మీద ఆగి అడిగింది.

"మేడం, ఇగ కాదా?"

"చూద్దాం" అన్నాను. ఆ మాటకు అర్థం లేదని ఇద్దరికీ తెలుసు.

రెండు వారాలు తిరిగాను. ఉత్తరం రాశాను. వెలుతురు చర్మంలోకి ఎలా పోతుందో బొమ్మ గీసి జతచేశాను. చేగుంట ఆయన తోడు సంతకం పెట్టాడు. బర్రె గంట మాట మళ్లీ ఎత్తకపోవడం ఆయన మంచితనం. ఆ ఉత్తరం సారు బల్ల మీద మిల్లు కాగితాల కింద పడి ఉంది.

ఆమెను కాపాడింది నా ఉత్తరం కాదు. స్కూల్లో గదులు ఊడ్చే ఆయమ్మ.

ప్రాక్టికల్ గదిలో జరిగింది ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమె చూసింది నేను చూసింది కాదు. మిషన్‌ను ఓడించిన చెయ్యిని చూసింది. ఆ బొట్లు ఎక్కడ పొడిపించావని అడిగింది. ఏడుపాయల అమ్మవారి జాతరలో అని తెలిసింది. ఇక చాలు. మర్నాడు నేను వరండాలో పోతుంటే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, ఆ పిల్ల మణికట్టును రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంటోంది. పిల్ల సిగ్గుతో చెయ్యి వెనక్కి లాక్కుంటోంది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"అమ్మవారి జాగల పొడిసిన బొట్టు మేడం. గా మిషిన్ల ఎలుగును లోపలికి రానిస్తదా ఆ తల్లి?"

"అది మసి. మసి వెలుతురును మింగుతది. నీ వంటింట్ల గోడ మసిబట్టినా గట్లనే చేస్తది."

"మీరట్లనే అంటరు మేడం" అని, నా మీద జాలిపడినట్టు చీపురు అందుకుంది.

వారం లోపల ఆ మాట బజారుకు పోయింది. మందుల దుకాణంలో నన్ను అడిగారు. ఆటో డ్రైవరు ఆమెను పక్కన సగం కూర్చోబెట్టడం మానేసి లోపల కిటికీ పక్క సీటు ఇస్తున్నాడని తెలిసింది. ఆఖరికి సారు ఇంటికీ చేరింది. సారు భార్య ఏటా ఏడుపాయలలో బోనం ఎత్తుతుంది. మర్నాటి పొద్దున సారు నన్ను పిలిపించాడు.

"మేడం, గీ సంగతి ముందే జెప్పొద్దా?"

"ముందే చెప్పిన సారు. బొమ్మ గీసి రాసిన."

"వెలుతురు, మసి, అదంత రాసిండ్రు. అమ్మవారి బొట్టని రాయలే గదా. గది రాస్తే నేనెందుకు ఆపుదును? రేపు నా మీద మాట రాదా?"

ఆయన కాగితం టైపు చేయించి పెట్టాడు. ఫలానా విద్యార్థిని చేతిపై దైవసంబంధమైన గుర్తులు ఉన్నందున, ఆమె మతవిశ్వాసాన్ని గౌరవించి, బ్యాండు నియమం నుంచి మినహాయింపు ఇవ్వాలని తరగతి బాధ్యురాలిగా సిఫారసు చేస్తున్నాను. కింద నా పేరు, పైన సంతకానికి ఖాళీ. కంప్యూటరులో ఆ ఆప్షను లేదన్న కంపెనీ ఆయన ఫోనులోనే పది నిమిషాల్లో చేస్తానన్నాడట.

నేను కాగితం ముట్టుకోలేదు. "సారు, ఇది అబద్ధం. ఆమె గూడ అట్ల అన్లేదు. కారణం మార్చుండ్రి, ఇప్పుడే సంతకం చేస్త."

"కారణమేదైతేంది మేడం, పని అయితే. సాయంత్రం లోపట కావాలె. రేపు జాబితా పోతది."

కాగితం పట్టుకుని ఖాళీ తరగతి గదిలో కూర్చున్నాను. పేడనీళ్లు పోసినప్పుడు కూడా నాకు అంత ఉక్రోషం రాలేదు. నిజం చెబితే తలుపు మూశారు, అబద్ధం వచ్చి తడితే తీశారు. ఇప్పుడు ఆ అబద్ధం కింద నా చేత్తో సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే నా మాట నిలుస్తుంది, ఆమె నాట్లకు పోతుంది. ఆమెను పిలిచి చదివి వినిపించాను. ఆమె నిలబడే విన్నది.

"నేను సంతకం చేస్తే దీన్ని నిజమని ఒప్పుకున్నట్టు. అర్థమైందా?" అన్నాను.

"అయింది మేడం."

"నువ్వు నమ్ముతవా, అమ్మవారు ఆపిందని?"

"ఆపితే సంబురమే గని, మీరు కాలికి కట్టినప్పుడు అంకె వచ్చింది గదా మేడం. కాలు మీద గూడ అమ్మ ఉంటది గదా." కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "ఒక్కమాట అడుగుత, తిట్టొద్దు మేడం. నాకు నోటీసిచ్చిన్నాడు సంతకం జేసిండ్రు. నేను తీయంగ మీరు చూసిండ్రా?"

"లేదు."

"అయినా జేసిండ్రు. గదొక అబద్ధం. నన్ను ముంచేటందుకు జేసిండ్రు. గిది గడ్డకేసేటందుకు జెయ్యుండ్రి. పరీక్ష అయినంక నేనే వచ్చి అందరికి జెప్త, మసి అని."

నా మూడు ప్రశ్నల్లో మొదటిదే ఆమె నన్ను అడిగింది. ఎవరూ నేర్పకుండానే.

సంతకం పెట్టాను. పెట్టాక కలం మూత పెట్టలేకపోయాను. సంతకం పక్కన కొంచెం జాగా ఉంది. అందులో నా చేత్తో రాశాను. నాడి నిమిషానికి డెబ్బై ఆరు. మూడు వేళ్లతో, గోడ గడియారం చూసి లెక్కించినది.

సారు కాగితం చూసి, "గిదేంది మేడం?" అన్నాడు.

"నిజం సారు. జర జాగుంటే రాసిన."

ఆయన భుజాలెగరేసి ముద్ర కొట్టాడు. ముద్ర సరిగ్గా ఆ వాక్యం మీదే పడింది.

ఆమె పరీక్ష రాసింది, గెలిచింది. ఇప్పుడు పట్టణంలోనే ఒక దవాఖానలో వార్డులో ఉంది. ఒకసారి పోయి దూరం నుంచి చూశాను. ముసలాయన మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి గోడ గడియారం వైపు చూస్తోంది. చెప్పిన మాట ప్రకారం పరీక్ష అయ్యాక వచ్చి జూనియర్లకు మసి సంగతి చెప్పింది కూడా. వాళ్లు శ్రద్ధగా విని, చివర్లో ఆమె చెయ్యి ముట్టుకుంటామని అడిగారట.

ఇక్కడితో ఆపాలనే అనుకున్నాను. కానీ మొన్న శివరాత్రికి ఏడుపాయల జాతర అయిపోయాక ఇంకొకటి జరిగింది.

జూనియర్లలో ముగ్గురు ఎడమ చేతికి రుమాలు కట్టుకుని వచ్చారు. విప్పమన్నాను. మూడు మణికట్ల మీద మూడు కొత్త పచ్చబొట్లు. ఒక త్రిశూలం, ఒక పువ్వు, ఒకటి ఏమిటో తెలియకుండా వాచిపోయింది.

"ఏందే గిది?"

"అమ్మవారి బొట్టు మేడం" అంది మొదటిది, అచ్చం సారు కాగితంలోని మాటలాగే. మూడోది నిజం చెప్పింది. "బ్యాండు బాధ తప్పుతదని మేడం. అక్కకు తప్పింది గదా."

"ముగ్గురికి సూది మార్చిండా పొడిసినోడు?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గేటు దగ్గర బ్యాండు లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి ఆ పుండ్ల మీదే బిగించుకుని వచ్చారు. సన్నటి గీతల బొట్లు. గీతకూ గీతకూ మధ్య చర్మం చాలానే మిగిలింది. వెలుతురు ఆగలేదు. మూడు తెరల మీదా అంకెలు చక్కగా వస్తున్నాయి. అంత నొప్పికి ఓర్చుకున్నది ఉత్తదే అయింది.

బ్యాండ్లు విప్పించి, ఉప్పునీళ్లతో కడిగి, మందు రాశాను. వాచిన చెయ్యి పిల్లకు ఒళ్లు కాలుతోంది. రెండో చెయ్యి పట్టుకుని నాడి చూశాను. నూట నాలుగు. బల్ల మీదున్న ఆమె బ్యాండు తెర మీద, విప్పకముందు వచ్చిన అంకె ఇంకా ఆరలేదు. అదీ నూట నాలుగే. మొదటిసారి యంత్రమూ నేనూ ఒకే మాట చెప్పాం.

జ్వరం అని రాశాను. కారణం అన్న చోట కలం ఆగింది. సూది అని రాయొచ్చు, తప్పు కాదు. ఆ సూది దగ్గరికి ఈ పిల్లను పంపిన కాగితం మాత్రం స్కూలు ఫైల్లో ఉంది. దాని మీద నా సంతకం ఉంది. పక్కన రాసిన ఒక్క నిజం ముద్ర కింద పడి ఎవరికీ కనబడదు.

తలెత్తి పిల్లను చూశాను. ఏడుస్తోంది. "సారుతోని చెప్పకుండ్రి మేడం" అంటోంది.

"రుమాలు మళ్ల కట్టకు. అందరికి చెయ్యి కనవడాలె" అని ఆమెను లేపి, తరగతిలో అందరి ముందు నిలబెట్టాను. పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. బొటనవేలు వాడొద్దు.